అమ్మ ఎంట్రీకి ఎన్ని గీతలు? ఇంటి కార్టూన్ల మీద చర్చ

మూడులాంతర్లు (విజయనగరం)

అందరికీ నమస్కారం. తీరిక వేళల్లో వేసే బాపతు ప్రశ్న ఇది, వృత్తి కాదు. ఇంట్లో జరిగేవాటికి సినిమా పోజో, సీరియల్ షాటో, క్రికెట్టు సైగో తగిలించి వారానికో కార్టూను వేయాలని లెక్క. చూసేవాళ్లు ఎక్కువగా వాట్సాప్‌లోనే. అప్పుడప్పుడు పత్రికలకీ పంపాలి.

కాగితం మీద బాగున్న ముఖం ఫోన్లోకి వచ్చేసరికి చీమలు పాకినట్టు అయిపోతోంది. మాటల బెలూన్లో తెలుగు రాస్తే ఒత్తులు కింది వరస గుడులని గుద్దుకుంటున్నాయి. హీరోల పోలికలు వేస్తే చట్టం ఏమంటుందో తెలీదు. వీటన్నిటికంటే పెద్ద గొడవ ఇంకోటుంది: అమ్మకి హీరో ఎంట్రీ ఇస్తే మొదటిసారి నవ్వుతున్నారు, మూడోసారికి ఎవరూ నవ్వరు.

ఒక స్కెచ్ జోడించాను: 20 సెంటీమీటర్ల వెడల్పు చట్రం, సన్నటి 01 మైక్రాన్ ఇంకు పెన్ను, బెలూన్లో వరస నుంచి వరసకి 7 మిల్లీమీటర్లు. అట్లకాడ పట్టుకుని, కొంగు గాలికి ఎగురుతూ అమ్మ వంటింట్లోంచి వస్తుంది. వెనకాల దుమ్ము. నాన్న బెలూను: "వచ్చేసింది మన ఇంటి లేడీ సూపర్‌స్టార్, ఇక ఎవరూ ఆపలేరు, అందరూ పక్కకి తప్పుకోండి!"

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

చీమల సంగతి చిన్న లెక్కతో తేలిపోతుంది. మీ చట్రం వెడల్పు 20 సెంటీమీటర్లు. ఫోను తెర వెడల్పు ఆరున్నర, ఏడు సెంటీమీటర్లు. అంటే బొమ్మ మూడో వంతుకి కుంచించుకుపోతుంది. 01 మైక్రాన్ పెన్ను గీత 0.25 మిల్లీమీటర్లు, ఫోన్లో అది 0.08. కంటికి ఆనదు. పైగా వాట్సాప్ ఫొటోని నొక్కి చిన్నది చేసేటప్పుడు అలాంటి సన్నగీతలు బూడిదరంగు మరకలవుతాయి. మీ చీమలు అవే.

గీత లావు చేయడం సగం మందే. బొమ్మ చిన్నగా వేయండి. 12 సెంటీమీటర్ల వెడల్పు, 15 ఎత్తు. ఫోన్లో అది రెండింతల కన్నా తక్కువే కుదించుకుపోతుంది, నిష్పత్తి 4:5 కాబట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో 1080 × 1350 కి అచ్చంగా సరిపోతుంది. పత్రిక కోసం మామూలుగా అచ్చు సైజుకి ఒకటిన్నర రెట్లు పెద్దగా వేస్తారు. అంటే ఇదే బొమ్మ 8 సెంటీమీటర్ల కాలమ్‌లోనూ నిలబడుతుంది. ఒకే బొమ్మ రెండు చోట్లకీ.

12 సెంటీమీటర్ల చట్రానికి పెన్నులు ఇలా: శరీరపు బయటి గీతకి 08 (0.50 మి.మీ.), అవసరమైతే రెండోసారి పక్కనే తిప్పండి. ముఖానికి 05 (0.45). చీర అంచుకి, బనీను అల్లికకి 02 (0.30). అంతకన్నా సన్నం వద్దు. పత్రిక కాగితం ఇంకు పీల్చి గీతని వెడల్పు చేస్తుంది కాబట్టి నీడ కోసం వేసే అడ్డగీతల మధ్య కనీసం ఒక మిల్లీమీటరు ఖాళీ ఉంచండి. లేకపోతే అచ్చులో మెడ కింద నీడ కాస్తా గెడ్డం అయి కూర్చుంటుంది.

బెల్లంఆవకాయ (నెల్లిమర్ల)

కాగితం గురించి కూడా చెప్పండి గట్టుగారూ. జిరాక్స్ కాగితం మీద ఇంకు వేస్తే వేళ్లు పట్టినట్టు పాకుతోంది, వానాకాలం మరీను.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

జిరాక్స్ కాగితం 75 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు). అది పెన్సిలు కసరత్తుకి. ఇంకుకి కనీసం 130 జీఎస్ఎం కార్ట్రిడ్జ్ (మందపాటి డ్రాయింగు కాగితం), నల్లగా నింపే చోట్లుంటే 200 పైన. ఇంజినీరింగ్ డ్రాయింగు సరుకులు అమ్మే షాపులో ఏ1 షీటు అడగండి. దాన్ని కోస్తే ఎనిమిది ఏ4 ముక్కలొస్తాయి. పుస్తకంగా కుట్టిన స్కెచ్‌బుక్కు కన్నా చవక. స్కానరు మీద చదునుగా కూడా కూర్చుంటుంది. ఐవరీ కార్డు నున్నగా ఉంటుంది, పాళీ జారినట్టు పోతుంది. కానీ 300 జీఎస్ఎం ఐవరీలోంచి లైటు సరిగ్గా రాదు. కింద స్కెచ్ పెట్టి పైన ఇంకు చేసే అలవాటుంటే 180 దగ్గర ఆగండి.

మన సముద్రపు గాలికి కాగితం తేమ తాగుతుంది. తేమ తాగిన కాగితంలో ఇంకు పీచు వెంట పాకుతుంది. షీట్లు ప్లాస్టిక్ సంచిలో, మందుసీసాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు పడేసి, మంచం కింద చదునుగా పెట్టండి. బీరువా పైన నిలబెడితే వంగిపోతాయి. గోడకి ఆనించినా తేమే, చుక్కలు చుక్కలుగా బూజు పడుతుంది. వేసేటప్పుడు చెయ్యి కింద ఒక చిత్తుకాగితం ముక్క ఉంచండి. అరచేతి చెమట తగిలిన చోట కూడా ఇంకు పాకుతుంది.

పాళీపిచ్చి (బొబ్బిలి)

పెన్నులతో మొదలెట్టడం సరే గాని ఎప్పటికీ అక్కడే ఉండకండి. పెన్ను గీత మొదటి నుంచి చివరి దాకా ఒకటే లావు, తీగలాగా. జి నిబ్బు, అంటే ఇంకులో ముంచి గీసే పాళీ, నొక్కితే లావవుతుంది, తేల్చితే సన్నబడుతుంది. అమ్మ కోపంలో ఉన్నప్పుడు కనుబొమ్మ గీత లోపలి కొస దగ్గర లావు, బయటికి సన్నం. ఆ ఒక్క గీతతో సగం పని అయిపోతుంది.

కొత్త పాళీకి తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది. అది తీయకపోతే ఇంకు బొట్టుబొట్టుగా జారి కాగితం మీద పడుతుంది. కొంచెం టూత్‌పేస్టుతో రుద్ది కడిగి తుడిస్తే చాలు. ముంచేటప్పుడు పాళీ మధ్య కన్నం సగం వరకే. పూర్తిగా ముంచితే మొదటి గీతలోనే మరక. ఇండియన్ ఇంకులో లక్క ఉంటుంది, ఆరితే రాయి. పది పదిహేను నిమిషాలకోసారి నీళ్లలో ముంచి గుడ్డతో తుడవండి. ఆ ఇంకు ఫౌంటెన్ పెన్నులో మాత్రం పోయకండి, లోపల గడ్డకట్టి పెన్ను పోతుంది.

గీత లాగేటప్పుడు మణికట్టు కాదు, మోచెయ్యి కదలాలి. వంపు మీ వైపుకి లాగేలా కాగితాన్నే తిప్పుకోండి. పాళీని ముందుకి తోస్తే కాగితపు పీచులో గుచ్చుకుని ఇంకు చిమ్ముతుంది.

మూడులాంతర్లు

పెన్సిలు గీతలు చెరిపితే ఇంకు కూడా వెలిసిపోతోంది. దానికేటి చెయ్యాలి?

పాళీపిచ్చి (బొబ్బిలి)

రెండు కారణాలు. ఒకటి, ఆరకముందే రబ్బరు. ఎండాకాలం ఇరవై నిమిషాలు, ముసురు పట్టినప్పుడు గంట ఆగండి. రెండు, పెన్సిలు గట్టిగా నొక్కడం. 2హెచ్ పెన్సిలు శుభ్రంగా ఉంటుందని వాడతారు గాని అది కాగితంలో గాడి చేస్తుంది. ఇంకు ఆ గాడిలోకి పరిగెడుతుంది. హెచ్‌బీ పెన్సిలు, వెనక చివర పట్టుకుని, తేలిగ్గా గీయండి. రబ్బరు ఒకే దిక్కుకి నడపాలి. అటూ ఇటూ రుద్దితే కాగితం మడత పడుతుంది.

నల్లగా నింపే పని చెరిపిన తర్వాతే. ముందే నింపితే రబ్బరు ఆ నలుపుని బూడిద చేస్తుంది.

తప్పు పడితే తెల్ల రంగు పూసి దానిమీద మళ్లీ గీస్తే ఇంకు పగుళ్లలోకి పాకుతుంది. అదే కాగితం ముక్క కోసి, ఆ ముఖం కొత్తగా వేసి, పైన అంటించండి. స్కాన్‌లో లెవెల్స్ (నలుపు తెలుపుల మోతాదు) సరిచేస్తే అంచు కనపడదు.

పిన్నీసు (రాజాం)

స్కెచ్ చూశాను. అసలు అమ్మ ఎవరో తెలీట్లేదు. చీర కట్టిన ఒక మనిషి, అంతే. సినిమా పోజు పెట్టడానికి ముందు ఇంట్లో మనుషుల్ని కుదుర్చుకోవాలి. ఒక్కో మనిషికి ఒక షీటు. ఎదురుగా, ముప్పావు వంతు తిరిగి, పక్క నుంచి, వెనక నుంచి. తర్వాత ఆరు ముఖాలు: మామూలుగా, కోపం, అనుమానం, దొంగనవ్వు, నిద్ర, ఎవరైనా వచ్చినప్పుడు పెట్టే ముఖం. ఆరోది మర్చిపోకండి, తెలుగిళ్లలో అది వేరే ముఖమే.

కొలతకి తలే ప్రమాణం. పెద్దవాళ్లు మూడున్నర, నాలుగు తలల ఎత్తు. గుంటలు, అంటే పిల్లలు, రెండు, రెండున్నర. నాయనమ్మ మూడు, కానీ నడుం దగ్గర వంగాలి కాబట్టి తల ముందుకి, పాదాలు వెనక్కి. ఒక షీటు మీద అందరినీ వరసగా నిలబెట్టి ఎత్తుల గీతలు గీసి గోడకి అంటించండి. లేకపోతే మూడో వారానికి కొడుకు తండ్రి కన్నా పొడుగైపోతాడు.

ఒక్కొక్కరికి ఒకే ఒక్క గుర్తు. అమ్మకి గాజులకి తగిలించిన పిన్నీసులు. నాన్నకి చంక దగ్గర చిరిగిన బనీను. తాతగారికి దారం కట్టి మెడలో వేలాడే కళ్లజోడు, పైన తుండు. నాయనమ్మకి చెవి మీదకి లాగిన కొంగు. ఇద్దరికి ఒకే గుర్తు ఇవ్వకూడదు. పరీక్ష తేలిక: బొమ్మల్ని పూర్తిగా నల్లగా నింపేయండి. నీడలా కనిపించినా ఎవరు ఎవరో చెప్పగలిగితే కుదిరినట్టు.

ఇంకో మాట. అప్పడాలకర్ర పట్టుకున్న పెళ్లాం బొమ్మకి పింఛనిచ్చి పంపేయాలి. మన పక్క విశాఖలోనే ఉండి, తొలి తెలుగు మహిళా కార్టూనిస్టుగా పేరుపొందిన రాగతి పండరి ఇంటి లోపలి సంగతుల మీద కూడా అన్నేళ్లు వేశారు. ఇంట్లో చూడ్డానికి బోలెడుంది, ఆ కర్ర ఒక్కటే కాదు.

పలాసజీడి (పలాస)

మూడోసారి ఎందుకు నవ్వరన్న ప్రశ్న దగ్గర అందరూ పక్కకి తప్పుకుంటున్నారు, నేనే దిగుతాను.

మీ కార్టూన్లో సినిమాయే ఉంది, ఇల్లు లేదు. కొంగు, దుమ్ము, అట్లకాడ: ఇవి ఏ అమ్మకైనా తగిలించొచ్చు. పోజు ఉత్త చట్రం. నవ్వు చట్రం లోపల పెట్టే వస్తువులో ఉంటుంది. ఆ వస్తువు ఎంత కచ్చితంగా ఉంటే అంత నవ్వు. హీరో ఎంట్రీలో కెమెరా ముందు పాదం చూపిస్తుంది, తర్వాత చెయ్యి, తర్వాత వీపు, ఆఖర్న ముఖం. సరే, పాదం దగ్గర తడి గచ్చు చూపించండి. అప్పుడే తుడిచింది. ఆ గచ్చు మీద ఎవరిదో బురద చెప్పు ముద్ర. చేతిలో అట్లకాడ కాదు, గచ్చు తుడిచే గుడ్డ, నీళ్లు కారుతూ. ముఖం అసలు చూపించొద్దు. చెప్పు ముద్రలు వెళ్లి ఆగిన చోట సోఫా వెనక నాన్న లుంగీ కొస కనపడాలి. మాట ఒక్కటీ అక్కర్లేదు.

నాన్న డైలాగు మొత్తం కొట్టేయండి. బొమ్మ చెప్పిందే బెలూను మళ్లీ చెబుతోంది. "వచ్చేసింది" అని నాన్న అనక్కర్లేదు, వచ్చింది కనపడుతూనే ఉంది. బెలూను బొమ్మలో లేని సంగతి చెప్పాలి, లేదా బొమ్మకి ఎదురు చెప్పాలి. దుమ్ము లేపుకుంటూ వచ్చిన అమ్మ "టీ తాగుతారా?" అంటే, అదీ భయం.

బెల్లంఆవకాయ

"టీ తాగుతారా" బాగుంది!

పలాసజీడి (పలాస)

ఇంకా వాడుకోదగ్గ పోజులున్నాయి. సీరియల్లో తల మూడుసార్లు తిరగడం. క్రికెట్లో చేతులతో టీ ఆకారం పెట్టి రివ్యూ అడగడం: కూరలో ఉప్పెక్కువైందని నాన్న అవుట్, నాన్న రివ్యూ, మూడో అంపైరు నాయనమ్మ, కళ్లజోడు తుడుచుకుంటూ ఉంటుంది. దొంగతనం సినిమాల్లో ముఠా పథకం: మేడ మీద ఎండబెట్టిన మామిడికాయ ముక్కలు, నేల మీద సుద్దముక్కతో గీసిన పటం, చుట్టూ నలుగురు గుంటలు. కథ మొత్తం ఒక్క క్షణంలో పట్టుకోవాలి. ఆ క్షణం సంఘటన జరిగే ముందుదో, జరిగిన వెంటనేదో అయితే మంచిది. జరుగుతున్నప్పటిది వేస్తే చూసేవాడి బుర్రకి పని మిగలదు.

మన వైపు పోజు ఒకటుంది, విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను. చింతమాను కొస మీద కుర్చీలో పూజారి, కింద జనం. దసరా వెళ్లిన మంగళవారం దాకా ఆగక్కర్లేదు, అటక దులపడానికి నిచ్చెన ఎక్కిన నాన్న, కింద నిచ్చెన పట్టుకుని దణ్ణం పెడుతున్న ఇల్లంతా. అమ్మవారిని గాని పూజారిని గాని వేళాకోళం చేయకండి. నవ్వు నాన్న మీదే ఉండాలి.

ఒత్తుపొల్లు (ఆమదాలవలస)

బెలూన్ల దగ్గరికొస్తాను. ఇంగ్లీషు కార్టూన్లు చూసి నేర్చుకున్నవాళ్లందరూ చేసే తప్పు: బెలూను ముందు గీసి అందులో అక్షరాలు కుక్కడం. తెలుగుకి తిరగేసి చెయ్యాలి. అక్షరాలు ముందు, బెలూను తర్వాత, బొమ్మ ఆ మిగిలిన చోటులో. పెన్సిలు దశలోనే.

తెలుగు వరసకి మూడు అంతస్తులు. మధ్యలో అక్షరం, పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు. అక్షరం ఎత్తు 5 మిల్లీమీటర్లు అయితే వరస నుంచి వరసకి 10 ఉండాలి. ఇంగ్లీషుకి 7 చాలు. మీరు 7 పెట్టారు, అందుకే ఒత్తులు గుద్దుకుంటున్నాయి. స్కేలు పెట్టి 5, 5 మిల్లీమీటర్లకి గీతలు గీసుకుని, ఒకటి విడిచి ఒకదాంట్లో రాయండి. 12 సెంటీమీటర్ల చట్రంలో 5 కన్నా చిన్న అక్షరం వద్దు, ఫోన్లో అది 2.8 అవుతుంది, పెద్దవాళ్లు కళ్లజోడు వెతుక్కోకుండా చదవగలిగేది అంతే.

ఇప్పుడు మాటల లెక్క దానంతటదే వస్తుంది. 7 సెంటీమీటర్ల బెలూన్లో వరసకి పదకొండు, పన్నెండు అక్షరాలు. మన మాటలు పొడుగు. "తప్పుకోండి" ఒక్కటే నాలుగక్షరాలు, ఒత్తు అదనం. వరసకి రెండు మూడు మాటలు, మూడు వరసలు: మొత్తం ఎనిమిది మాటలు. మీ నాన్న బెలూన్లో పదకొండు ఉన్నాయి. మాటని మధ్యలో విరిచి కింది వరసకి దింపకండి. సన్నటి నిలువు బెలూను తెలుగుకి పనికిరాదు, అడ్డంగా వెడల్పుగా ఉంచండి. బెలూను అంచుకీ అక్షరాలకీ మధ్య ఒక అక్షరం అంత ఖాళీ. ముందు మాట్లాడేవాడు ఎడమ పక్క, పైన ఉండాలి. బొమ్మలో అతను కుడి పక్కన నిలబడి ఉంటే బెలూన్ల తోకలు కత్తెరలా అడ్డం పడతాయి. అప్పుడు బెలూన్లని కాదు, మనుషుల్ని మార్చండి.

చేత్తో రాయలేకపోతే ఫాంటు. సిలికానాంధ్ర విడుదల చేసిన యూనికోడు ఫాంట్లు ఉచితం, గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. మామూలు మాటకి మండలి, అరుపుకి రామభద్ర. వాటిలో గురజాడ, గిడుగు పేర్లతో కూడా ఫాంట్లున్నాయి, మన వైపువాళ్లకి ఆ మాత్రం గర్వం ఉండొచ్చు. లావు ఫాంటు చిన్న సైజులో వాడితే మ, య ఒకటైపోతాయి, ప, వ, ష గుడ్డిగుడ్డిగా ఉంటాయి. అరుపుకి తప్ప లావు వద్దు.

మూడులాంతర్లు

ఫొటోషాప్‌లో పెడితే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటున్నాయి. ఫాంటు తప్పా?

ఒత్తుపొల్లు (ఆమదాలవలస)

ఫాంటు కాదు. పాత ఫొటోషాప్‌లలో టైపు ప్రిఫరెన్సుల్లోకి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ని మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్‌కి మార్చాలి. తర్వాత కొత్త ఫైలు తెరవాలి, పాతదాంట్లో మారదు. అంత గొడవ వద్దంటే బొమ్మల సాఫ్ట్‌వేర్లు గింప్, ఇంక్‌స్కేప్ ఉచితం, తెలుగు సరిగ్గానే కూర్చుంటుంది. ఫోన్లో అయితే పిక్సెల్‌ల్యాబ్‌లో ఫాంటు టీటీఎఫ్ ఫైలు చేర్చుకోండి.

అచ్చుకి ఇచ్చేటప్పుడు మాత్రం అక్షరాలు బొమ్మలో భాగం చేసి ఇవ్వండి. పేజీలు కూర్చే డీటీపీ వాళ్ల దగ్గర అను ఫాంట్లుంటాయి, అవి యూనికోడు కావు. మీ అక్షరాలు అక్కడ అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి.

నెత్తిన తట్ట (చీపురుపల్లి)

చిన్న గొడవ పెడతాను. బెలూన్లో మన యాస రాయాలా, పత్రిక భాష రాయాలా? "ఏటి సేస్తన్నావు" అని రాస్తే గుంటూరు వాళ్లకి అర్థం కాదని ఎడిటర్లు తిప్పి పంపుతారు.

పలాసజీడి (పలాస)

అర్థం కాకపోవడం కాదు, ఎక్కువ మోతాదు. ప్రతి మాటా యాసలో రాస్తే చదివేవాడు విప్పుకుంటూ కూర్చుంటాడు, నవ్వు చల్లారిపోతుంది. బెలూనుకి ఒక మాట, ఒక క్రియ చాలు. "ఏటి", "బేగి", "ఓలమ్మా": ఇవి ఎవరికైనా తెలుస్తాయి. "బేగి రా, పప్పు చల్లారిపోతంది" చాలు.

పిన్నీసు (రాజాం)

మోతాదు కన్నా పెద్ద సంగతి ఎవరి నోట పెడుతున్నాం అన్నది. పనిమనిషి, ఆటో డ్రైవరు, ముసలమ్మ యాసలో మాట్లాడతారు. కాలేజీ అమ్మాయి, ఆఫీసరు పుస్తకంలా మాట్లాడతారు. ఇది సినిమా అలవాటు, మన ఇళ్ల అలవాటు కాదు. హెడ్మాస్టారు కూడా ఇంటికొచ్చి "అన్నం ఏటయింది" అనే అడుగుతారు. రాస్తే ఇంట్లో అందరికీ రాయండి, లేకపోతే ఎవరికీ వద్దు. యాస జోకు కాకూడదు, జోకు యాసలో ఉండాలి.

నెత్తిన తట్ట (చీపురుపల్లి)

ఒప్పుకున్నాను అప్పా. కానీ పత్రికకి పంపేటప్పుడు?

ఒత్తుపొల్లు (ఆమదాలవలస)

వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు మన గడ్డ మనుషులే. మనమే జంకితే ఎలా? పంపండి. తిప్పి పంపితే "ఏటి" తీసి "ఏంటి" పెట్టి ఇంకోచోటికి పంపండి, బొమ్మ పాడవదు కదా. అందుకే అక్షరాల పొర వేరుగా దాచుకోవాలి. ఒకే బొమ్మని ఒకేసారి ఇద్దరికి మాత్రం పంపకండి.

గంటస్తంభం (విజయనగరం)

హీరోల పోలికల సంగతి. కాపీరైటు చట్టం, 1957, సెక్షన్ 52(1)(ఎ) కింద విమర్శకీ సమీక్షకీ తగు మేరకు వాడుకోవచ్చు. పేరడీ అన్న మాట విడిగా లేదు. పోలికల మీద ఢిల్లీ హైకోర్టు 2010లో గాయకుడు దలేర్ మెహందీ పోలిక బొమ్మల కేసులో, వ్యంగ్యచిత్రం, పేరడీ వంటివి ప్రచార హక్కుకి (పేరున్నవాళ్లకి తమ పేరు, రూపం మీద ఉండే హక్కు) భంగం కావన్న ధోరణిలో వ్యాఖ్యానించింది. అదే కోర్టు 2023లో అనిల్ కపూర్ కేసులో ఆయన పేరు, గొంతు, రూపం అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకుండా ఉత్తర్వులిచ్చింది. నవ్వించడానికి వేసిన బొమ్మ ఒకటి. అదే బొమ్మ టీషర్టు మీద, కప్పు మీద వేసి అమ్మడం వేరొకటి. రెండోదాని జోలికి పోవద్దు. పోస్టరు ఫొటో మీద కాగితం పెట్టి తిప్పడం కూడా వద్దు, ఆ ఫొటోకి హక్కుదారు వేరే ఉంటారు.

నిజానికి మీకు హీరో ముఖం అక్కర్లేదు. జుట్టు అంచు, భుజం వాలు, చేతిలో వస్తువు: ఈ మూడూ చాలు, జనం పేరు వాళ్లే చెబుతారు. పది పదిహేను ఫొటోలు చూసి, మూసేసి, గుర్తున్నంతవరకే గీయండి. గుర్తు లేనిది అనవసరం అన్నమాట.

ఇంటివాళ్ల సంగతి చట్టం కన్నా సున్నితం. పిల్లల బడి యూనిఫాం మీద బ్యాడ్జి, ఇంటి నంబరు, బండి నంబరు బొమ్మలో రానివ్వకండి. లావు, నలుపు, బట్టతల మీద జోకు వద్దు. మేనత్త ఇది తనే అని గుర్తుపట్టేలా ఉంటే జుట్టు మార్చి, చీర మార్చి, ఆ అలవాటుని ఇంకొకరికి తగిలించండి.

మూడులాంతర్లు

అందరికీ దండాలు. ఎంట్రీ అమ్మని పక్కన పెట్టాను. కొత్తది: మూడు చట్రాలు, నిలువుగా. ఒకటి: టీవీలో సీరియల్, హీరోయిన్ తల తిప్పబోతోంది, నాయనమ్మ మంచం కొసకి జరిగి చూస్తోంది. రెండు: కరెంటు పోయింది, చట్రం మొత్తం నలుపు, ఒక్క బెలూను, "ఓలమ్మా! తిప్పుతుండగానే పోయిందేటి!" మూడు: మనవడు గెడ్డం కింద టార్చి పెట్టుకుని తల మూడుసార్లు తిప్పి చూపిస్తున్నాడు. నాయనమ్మ అదే కళ్లతో చూస్తోంది.

పలాసజీడి (పలాస)

ఇది ఇల్లు. బెలూన్లో "తిప్పుతుండగానే పోయిందేటి" కొట్టేయండి. "ఓలమ్మా!" చాలు. చీకటి మిగతాది చెబుతుంది.

పిన్నీసు (రాజాం)

మూడు తలలు వేసేటప్పుడు మధ్యదానికి కాదు, ఆఖరిదానికి పూర్తి గీత. మొదటి రెండూ తెగిన గీతలతో, కళ్లు లేకుండా. మెడ ఒక్కటే, అది కదలకూడదు. తలల మధ్య చిన్న వంపు గీతలు రెండేసి. మనవడి ముఖం మీద వెలుగు కింద నుంచి వస్తుంది కాబట్టి గెడ్డం, ముక్కు కింది భాగం తెలుపు, నుదురు నలుపు. మామూలు బొమ్మలకి ఇది తిరగేసి ఉంటుంది. అలవాటు మీద పైనుంచి వెలుగు వేసేస్తే టార్చి పనికిరాకుండా పోతుంది. నాయనమ్మ ముఖం మొదటి చట్రంలోదే ట్రేసు చేయండి, ఒక్క గీత కూడా మార్చకండి. నవ్వు అక్కడే ఉంది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

రెండో చట్రం నలుపు మార్కరుతో నింపకండి. ఆరాక చారలు కనపడతాయి, వెనక్కి దిగుతుంది, డై కాబట్టి కొన్నాళ్లకి ఊదారంగులోకి తిరుగుతుంది. 4 నంబరు గుండ్రటి కుంచె, ఇండియన్ ఇంకు, రెండు పూతలు, మొదటిది అడ్డంగా, ఆరాక రెండోది నిలువుగా. అంచుల్ని ముందు 08 పెన్నుతో గీసి లోపలికి నింపండి. కాగితం వంకర తిరిగితే ఆరాక బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి. కంప్యూటర్లో నింపే ఉద్దేశం ఉంటే అంచు గీత ఎక్కడా తెగకూడదు, చిన్న సందున్నా నలుపు పక్క చట్రంలోకి పారుతుంది.

స్కాను 600 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు), గ్రేస్కేలు, పీఎన్‌జీ. జిరాక్స్ షాపులో అడగకపోతే 200కి చేసి పీడీఎఫ్ చేతిలో పెడతారు. ముందే చెప్పండి, పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లండి. ఫోన్తో తీస్తే పొద్దున్న కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, అరమీటరు ఎత్తు నుంచి రెండింతల జూమ్‌తో. దగ్గరగా పెడితే చట్రం మూలలు ఉబ్బుతాయి. తర్వాత గింప్‌లో లెవెల్స్: కుడి కొస తెల్ల గుర్తుని గ్రాఫులో కాగితపు తెలుపు కొండలా లేచిన చోటి మొదలు దాకా ఎడమకి జరపండి, పసుపు పోతుంది. నల్ల గుర్తుని కొంచెం కుడికి. తెల్ల గుర్తుని అతిగా జరిపితే సన్నగీతలు తెగిపోతాయి.

వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, నొక్కదు. స్టేటస్‌కి మాత్రం తప్పదు, 1080 వెడల్పుకి మీరే తగ్గించి పెట్టండి.

మూడులాంతర్లు

వేసేశాను, జోడించాను. మూడో చట్రంలో టార్చి వెలుగు కోసం తెలుపు వదిలిన చోట అంచు మరీ కత్తిలా ఉందా?

పాళీపిచ్చి (బొబ్బిలి)

ఉంది. ఆరిన పాత కుంచెలో కొంచెం ఇంకు తీసుకుని, గుడ్డ మీద తుడిచేసి, అంచు వెంబడి లాగండి. పీచుపీచుగా పడుతుంది. ముందు చిత్తుకాగితం మీద పరీక్షించండి.

బెల్లంఆవకాయ

నాయనమ్మ కళ్లు బలే కుదిరాయి. మంచం కోడు ఒకటి లేదు గాని.

ఒత్తుపొల్లు (ఆమదాలవలస)

కోడు సరే, రెండో చట్రం చూడండి. "ఓలమా!" అని ఉంది. మ ఒత్తు రాయలేదా, నలుపు మింగేసిందా?

మూడులాంతర్లు

నలుపే మింగింది. బెలూను కింది అంచు ఒత్తుకి మరీ దగ్గరగా గీశాను. ముక్క కోసి అంటించి, బెలూను నాలుగు మిల్లీమీటర్లు కిందికి పెంచి, రాత్రికి మళ్లీ పెడతాను. కోడు కూడా.